మూలనపడ్డ పాత బుల్లెట్‌ని మళ్లీ రోడ్డెక్కించడం ఎలా?

పాత బుల్లెట్ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని పానాలు పట్టుకుని విప్పేయడం. ట్యాంకు పెయింటర్ దగ్గరికి, సైలెన్సర్ క్రోమ్ వేసేవాడి దగ్గరికి, ఇంజిన్ గోనెసంచిలోకి వెళ్తాయి. కొన్ని నెలలకు డబ్బులూ అయిపోతాయి, ఉత్సాహమూ చల్లారుతుంది. బండి అట్టపెట్టెల్లో మిగిలిపోతుంది. అలా విడిభాగాలుగా అమ్ముడుపోయిన బళ్లకు లెక్కలేదు. అందుకే నా సలహా తిరగేసి ఉంటుంది. ముందు బండిని ఉన్నదున్నట్టుగా, ఆ తుప్పుతోనే స్టార్ట్ చేయండి. ఏది బాగుందో ఏది పాడైందో నడిచే ఇంజిన్ చెప్పినంత స్పష్టంగా విప్పిన ఇంజిన్ చెప్పదు. అందం సంగతి తర్వాత.

ఇక్కడ చెప్పేదంతా కాస్ట్ ఐరన్ ఇంజిన్, కాంటాక్ట్ పాయింట్లు (ప్లగ్‌లో మెరుపు పుట్టించడానికి తెరుచుకుని మూసుకునే చిన్న స్విచ్), కుడికాలి గేరు ఉన్న 350 సీసీ బుల్లెట్ గురించి. 1955లో ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీతో మద్రాస్ మోటార్స్ చేతులు కలిపాక మన దగ్గర మొదలైన బండి ఇది. 70 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 90 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), 346 సీసీ. ఆ ఇంజిన్ మూల నిర్మాణం దశాబ్దాలపాటు పెద్దగా మారలేదు కాబట్టి సామాన్లకు ఇప్పటికీ కొరత లేదు. హైదరాబాద్ రాణిగంజ్, పుత్లీబౌలి, విజయవాడ ఆటోనగర్‌లో వెతికితే చాలావరకు దొరుకుతాయి. పాత ఒరిజినల్ సామాను కావాలంటే చెన్నై పుదుపేటకో, ఢిల్లీ కరోల్ బాగ్‌కో వెళ్లాలి.

కాగితాలు ముందు

రూపాయి ఖర్చు పెట్టేముందు ఆర్సీలోని ఇంజిన్ నంబరు, చేసిస్ నంబరు బండి మీదున్న వాటితో సరిపోయాయో లేదో చూడండి. నంబరు మీద తుప్పూ గ్రీజూ పేరుకుని ఉంటే కిరోసిన్ గుడ్డతో తుడవండి. ఎమరీ పేపర్‌తో మాత్రం రుద్దకండి. అంకెలు చెరిగితే దిద్దారన్న అనుమానం వస్తుంది. చాలా పాత ఆర్సీలు ఆన్‌లైన్ రికార్డులోకి ఎక్కలేదు. వాటిని ఆర్టీఏ ఆఫీసులో ఎక్కించుకోవాలి, ఆ పని ఇంజిన్ పనికంటే ఎక్కువ కాలమే పట్టొచ్చు. కాబట్టి రెండూ ఒకేసారి మొదలుపెట్టండి.

బండికి 50 ఏళ్లు దాటితే 2021లో వచ్చిన నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు వెళ్లొచ్చు. కొత్తగా రిజిస్టర్ చేయించడానికి ఫీజు 20,000 రూపాయలు, చెల్లుబాటు 10 ఏళ్లు. ఇప్పటికే రిజిస్టరైన బండి పాత నంబరు అలాగే ఉంచుకోవచ్చు. తిరకాసు ఏమిటంటే, ఆ రిజిస్ట్రేషన్‌తో బండిని ర్యాలీలకూ ప్రదర్శనలకూ మరమ్మతులకూ తప్ప రోజువారీగా రోడ్డు మీద తిప్పకూడదు. ఆదివారం పూట ఊరికి వెళ్లిరావాలనుకునేవాళ్లు మామూలు ఆర్సీనే రెన్యువల్ చేయించుకోవడం మేలు.

కిక్కు కొట్టేముందు

ఏళ్ల తరబడి ఆగిన ఇంజిన్ మీద ఎక్కి కిక్కు కొట్టడం పెద్ద పొరపాటు. ప్లగ్ విప్పి, ఆ రంధ్రంలో రెండు మూడు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు టాప్ గేర్లో వేసి వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపండి. పిస్టన్ కదిలితే అదృష్టం. కదలకపోతే డీజిల్ కలిపిన ఆయిల్ పోసి ఇంకో నాలుగు రోజులు ఆగండి. బలం ప్రయోగిస్తే పిస్టన్ రింగులు విరుగుతాయి.

ఇక ఆయిల్. బుల్లెట్‌లో ఆయిల్ ట్యాంకు ఇంజిన్ కేసులోనే ఓ అర. బండి చాన్నాళ్లు ఆగితే ఆ ఆయిల్ పంపు గుండా మెల్లగా క్రాంకు ఉన్న గదిలోకి జారుతుంది. ఆ స్థితిలో స్టార్ట్ చేస్తే సైలెన్సర్లోంచి వీధంతా కమ్మేసే పొగ వస్తుంది. చూసినవాళ్లు "రింగులు పోయాయి, రీబోర్ చేయించు" అంటారు, అంటే సిలిండర్‌ను తొలిచి వెడల్పు చేయించమని. నమ్మకండి. ఇంజిన్ అడుగున ఉన్న డ్రెయిన్ నట్లన్నీ విప్పి పాత ఆయిల్ మొత్తం దించేయండి. ఫిల్టర్ మార్చి 20డబ్ల్యూ50 ఆయిల్ సుమారు 2 లీటర్లు పోసి, లెవెల్ చూస్తూ మిగతాది కలపండి. గేర్ బాక్సుకు ఈ ఆయిల్‌తో సంబంధం లేదు, దాని లెక్క వేరు. ఎడమవైపు చైన్ కేసుదీ అంతే.

పానాల విషయంలో ఓ మాట. పాత బుల్లెట్లలో చాలా నట్లు ఇంచ్ కొలతవి. 13 నంబరు పానా దాదాపుగా పడుతుంది. ఆ 'దాదాపు' దగ్గరే నట్టు మూలలు అరిగిపోతాయి. ఒక సెట్టు ఇంచ్ పానాలు కొనుక్కోండి, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు), మల్టీమీటర్ కూడా. వైరు ఏది తీసినా ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

మెరుపు ఉందా?

ఇంజిన్ నడవడానికి మూడు కావాలి: సరైన సమయానికి మెరుపు, పెట్రోలు, కంప్రెషన్ (పిస్టన్ పైకి వస్తూ లోపలి గాలిని గట్టిగా నొక్కడం). ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లండి. మూడింటినీ ఒకేసారి కెలికితే ఏం చేసినందుకు బాగైందో, ఏం చేసినందుకు చెడిందో తెలియదు.

బ్యాటరీ పెట్టేముందు బండి 6 వోల్టులదా 12 వోల్టులదా, ఎర్త్ అయింది (బండి ఇనుముకు కలిపింది) మైనస్సా ప్లస్సా అన్నది వైరింగు చూసి నిర్ధారించుకోండి. మరీ పాతవాటిలో ప్లస్ ఎర్త్ ఉండొచ్చు. తర్వాత కుడివైపున్న గుండ్రటి మూత విప్పితే పాయింట్లు కనిపిస్తాయి. వాడకుండా ఉంచిన పాయింట్ల ముఖాల మీద బూడిదరంగు పొర కడుతుంది. స్టార్ట్ కాని బుల్లెట్లలో సగం జబ్బు అక్కడే ఉంటుంది. సన్నటి ఎమరీతో రెండుసార్లు గీసి, పెట్రోల్లో తడిపిన గట్టి కాగితం మధ్యలో పెట్టి లాగండి. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు 0.35 నుంచి 0.4 మి.మీ. ఉండాలి.

ఇప్పుడు ప్లగ్‌ను క్యాపుకు తగిలించి, దాని ఒంటిని సిలిండర్ హెడ్‌కు ఆనించి కిక్కు తొక్కండి. ప్లగ్ రంధ్రం నుంచి దూరంగా పెట్టండి, లోపల పెట్రోలు ఆవిరి ఉంటే అంటుకుంటుంది. నీలం మెరుపు టక్కున కొట్టిందంటే బాగున్నట్టు. పసుపుగా, నీరసంగా ఉండి, అదే సమయంలో పాయింట్ల దగ్గర చిటపటలాడుతుంటే పాయింట్లకు కలిపి ఉండే చిన్న డబ్బాలాంటి కండెన్సర్ మార్చండి. ధర తక్కువే కాబట్టి అదనంగా ఒకటి టూల్ బాక్సులో ఉంచుకోండి.

టైమింగు, అంటే మెరుపు ఏ క్షణంలో కొట్టాలో సరిచేయడం, కొత్తవాళ్లను భయపెడుతుంది గానీ, అదీ చేసుకోగల పనే. కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్ పైకి చేరడానికి 0.8 మి.మీ. ముందు పాయింట్లు విడిపోవాలి. సిగరెట్ చుట్టే పల్చటి కాగితాన్ని పాయింట్ల మధ్య పెట్టి, ఇంజిన్‌ను మెల్లగా తిప్పుతూ కాగితాన్ని సుతారంగా లాగుతూ ఉండండి. అది వదులైన క్షణమే పాయింట్లు తెరుచుకున్న క్షణం. పిస్టన్ ఎక్కడుందో ప్లగ్ రంధ్రంలోంచి పుల్లతో కొలుస్తారు. ఆ రంధ్రం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి, ఇనప కడ్డీ లోపల ఉండగా కిక్కు తొక్కితే అది ఇరుక్కుని పిస్టన్‌కు గాటు పడుతుంది. చెక్కపుల్ల వాడండి, చేత్తోనే తిప్పండి.

పెట్రోలు వస్తోందా?

ట్యాంకులో టార్చి వేసి చూడండి. ఎర్రటి పొడి కనిపిస్తే శుభ్రం చేయకుండా ముందుకెళ్లకండి. పెట్రోలు కాక్ తీసి రంధ్రం మూసేసి, లోపల కిరోసిన్, గుప్పెడు నట్లు వేసి దుప్పటిలో చుట్టి బాగా కుదపండి. ఎన్ని నట్లు వేశారో లెక్క రాసుకుని అన్నీ బయటికొచ్చాయో చూసుకోండి. తుప్పు మొండిగా ఉంటే కిరోసిన్‌ను పూర్తిగా వంచేశాక వెనిగర్ నింపి ఒక రోజు ఉంచి, వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టండి. ఆరిన గంటలోపే పెట్రోలు, ఆయిల్ కలిపి లోపలంతా తిప్పాలి. లేకపోతే కొత్త తుప్పు మొదలవుతుంది.

కార్బొరేటర్ విప్పి జెట్లను (పెట్రోలు పారే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలను) వెలుతురుకు పెట్టి చూడండి. గుండ్రటి వెలుగు చుక్క కనిపించాలి. మూసుకుపోతే నైలాన్ దారంతో పొడవండి. సూది పెడితే రంధ్రం పెద్దదై బండి పెట్రోలు తాగేస్తుంది. ఎయిర్ స్క్రూ పూర్తిగా బిగించి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పండి, మొదలుపెట్టడానికి అది చాలు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు పైపులనూ వాషర్లనూ అది మెత్తబరుస్తుంది, తేమను పీలుస్తుంది. రబ్బరు సామానంతా కొత్తది వేయండి. నెలల తరబడి నడపరనుకుంటే ట్యాంకు, కార్బొరేటర్ రెండూ ఖాళీ చేయండి.

కంప్రెషన్, టాపెట్లు

డీకంప్రెసర్ (చిన్న వాల్వు తెరిచి సిలిండర్లోని ఒత్తిడిని వదిలేసేది) లివర్ పట్టకుండా కిక్కు మీద బరువు మోపితే అది మిమ్మల్ని కాసేపు మోయాలి. జర్రున దిగిపోతే వెంటనే హెడ్ విప్పకండి. ముందు డీకంప్రెసర్ కేబుల్ చూడండి. అది బిగుసుకుని ఉంటే ఆ చిన్న వాల్వు ఎప్పుడూ కొద్దిగా తెరిచే ఉంటుంది, కిక్కు కొట్టినప్పుడు 'ఉస్స్' మంటుంది. తర్వాత కుడివైపు చిన్న మూత తీసి టాపెట్లు, అంటే వాల్వులను తెరిచే పుష్ రాడ్ల సందు సరిచేసే చోటు, చూడండి. ఇంజిన్ చల్లగా ఉండి, పిస్టన్ కంప్రెషన్లో పైన ఉన్నప్పుడు పుష్ రాడ్లు రెండూ వేళ్లతో తిప్పితే సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. తిరగకపోతే వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. ఇవన్నీ సరిగ్గా ఉన్నా కంప్రెషన్ లేకపోతేనే రింగులూ వాల్వుల దాకా వెళ్లండి. రీబోర్ తప్పదనుకుంటే ముందు ఓవర్‌సైజు పిస్టన్ కొని, దాన్ని బోరు చేసేవాడి చేతికిచ్చి, దానికి సరిపడా బోరు చేయమనండి. బోరు చేయించాక పిస్టన్ వెతకడం మొదలుపెడితే తిప్పలు తప్పవు.

స్టార్ట్ చేసే పద్ధతి

పెట్రోలు తెరిచి, చోక్ వేసి, తాళం తిప్పండి. ఇప్పుడు హెడ్‌లైట్ డూమ్ మీదున్న ఆమ్మీటర్‌ని (కరెంటు కొలిచే మీటరు) చూస్తూ కిక్కును పాదంతో నెమ్మదిగా నొక్కండి. ముల్లు మైనస్ వైపు వాలుతుంది, అంటే పాయింట్లు మూసుకుని కరెంటు పారుతోంది. ఇంకొంచెం నొక్కండి. కిక్కు గట్టిపడుతుంది, ముల్లు ఉన్నట్టుండి మధ్యకు వచ్చి నిలబడుతుంది. అక్కడ ఆగాలి. పిస్టన్ కంప్రెషన్లో దాదాపు పైన ఉంది. ఎడమచేతి దగ్గరున్న డీకంప్రెసర్ లివర్ పట్టి కిక్కును ఇంకాస్త, నాలుగు వేళ్ల మందం కిందికి దించండి. లివర్ వదలండి, కిక్కును పైకి రానివ్వండి. ఇప్పుడు రేజు ఇవ్వకుండా కిక్కును చివరిదాకా ఒకే ఊపున తొక్కండి. ఈ పద్ధతి తెలియనివాళ్లే బుల్లెట్ కాలు విరగ్గొడుతుందని చెబుతుంటారు. పద్ధతిగా తొక్కినా కిక్కు ఎదురుతంతుంటే టైమింగు ముందుకు జరిగింది, లేదా పాయింట్ల వెనకున్న, వేగాన్ని బట్టి టైమింగు మార్చే ఆటో అడ్వాన్స్ స్ప్రింగులు పట్టేశాయి.

ఇంజిన్ అందుకోగానే సిలిండర్ హెడ్‌కు వెళ్లే ఆయిల్ పైపు బోల్టును కాస్త వదులు చేయండి. కొద్దిసేపట్లో ఆయిల్ ఊరాలి. ఊరకపోతే వెంటనే ఆపేయండి, పంపు పని చేయడం లేదు.

మిగతా జబ్బులు త్వరగా చెప్పేస్తాను. బండి కొంతదూరం పోయి ఆగి, కాసేపయ్యాక మళ్లీ స్టార్ట్ అవుతుంటే ట్యాంకు మూత వదులు చేసి నడపండి. బాగా నడిస్తే మూతలోని గాలి రంధ్రం పూడింది. నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువ, ఆగకుండా వచ్చే నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. సైలెన్సర్ ఢమఢమలాడితే బెండ్ పైపు జాయింటు దగ్గర గాలి లీకు చూడండి. క్లచ్ పట్టినా గేరు పడనివ్వకుండా బండి ముందుకు దూకుతుంటే ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. చైన్ కేసు విప్పి కడగాల్సిందే.

రంగు, బ్రేకులు, మొదటి ప్రయాణం

బండి నడిచింది కాబట్టి ఇప్పుడు సంతోషంగా విప్పండి. ట్యాంకు మీది బంగారు గీతలను చెన్నై ఫ్యాక్టరీలో చేత్తోనే గీసేవారు. వాటిమీద స్టిక్కర్ అంటించడం నాకు మనసొప్పదు. మంచి సైన్‌బోర్డు ఆర్టిస్టు దొరికితే అడిగి చూడండి. చేసిస్‌కు పౌడర్ కోటింగ్ చేయించినప్పుడు ఎర్త్ వైర్లు బిగించే చోట లోహం కనిపించేదాకా గీకండి. "పెయింట్ వేయించాక లైట్లు వెలగడం లేదు" అనేవాళ్ల బళ్లలో సాధారణంగా ఇదే లోపం.

పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఆ దుమ్మును గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడిచి కొత్త షూలు వేయండి. టైరు మీద చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. పదేళ్లు దాటితే నలుపు ఎంత మెరుస్తున్నా మార్చేయండి. రెండు చక్రాలకూ 3.25-19 సైజే పడుతుంది.

మొదటిసారి ఖాళీ మైదానంలో నడపండి. గేరు కుడికాలికి, ఒకటి పైకి, మూడు కిందికి. బ్రేకు ఎడమకాలికి. కంగారులో కుడికాలు తొక్కితే బండి ఆగదు, గేరు మారుతుంది. 50 కిలోమీటర్లయ్యాక ఇంజిన్ పూర్తిగా చల్లారనిచ్చి హెడ్ నట్లు, టాపెట్లు మళ్లీ చూడండి. 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చండి. దించిన ఆయిల్‌ను పాత బట్టలోంచి వడకట్టి, అయస్కాంతం తిప్పి చూడండి. సన్నటి పొడి అంటుకుంటే పర్వాలేదు. రేకుల్లాంటి ముక్కలు వస్తే ఆ పూట బండి తీయకండి.