చిన్నారులతో ప్రకృతి పాఠాలు – 3: మూడు మట్టులు, ఒక చెంబు నీళ్ళు

కిందటి పాఠంలో ఆకుల అచ్చులు వేయించాం. ఈసారి మట్టి. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు మట్టి ఇస్తే ఎలాగూ ఆడతారు, అందులో నేర్పేదేముంది అనిపించవచ్చు. ఒకే మట్టి ఇస్తే అది ఆటే. మూడు రకాలు పక్కపక్కన పెట్టి, మూడింటికీ ఒకే కొలత నీళ్ళు పోయిస్తే పాఠం అవుతుంది. ఇసుకకూ బంకమట్టికీ తేడా ఈ వయసులో చెబితే తలకెక్కదు, చేతికి తెలియాలి.

విజయవాడ, గుంటూరు వాళ్ళకు సరుకు వెతుక్కునే పని పెద్దగా లేదు. గుంటూరు పొలాల్లో నల్లరేగడి, కృష్ణ ఇసుక, నర్సరీల్లో బస్తాల్లో అమ్మే ఎర్రమట్టి. నలుగురైదుగురు పిల్లలకు ఒక్కో రకం మూడు కిలోలు చాలు. అంగన్‌వాడీలో ఇరవై మంది ఉంటే అందరినీ ఒకేసారి కూర్చోబెట్టకండి. గుంపుకు ఐదుగురు దాటితే పెద్దవాళ్ళకు పిల్లల చేతులు కడిగించడంతోనే సరిపోతుంది.

మట్టి తెచ్చేటప్పుడే సగం తప్పులు జరుగుతాయి. నల్లరేగడిని మిర్చి, పత్తి చేల నుంచి తేవద్దు. ఆ పంటల మీద పురుగుమందు ఒక్క విడతతో ఆగదు. ఏ పంటా వేయని చోట పై పొర బెత్తెడు తీసేసి, కింది మట్టి తవ్వండి. మురుగుకాలువ గట్టు, కుక్కలూ పిల్లులూ తిరిగే చోటు అసలు వద్దు. ఇసుకను ఇల్లు కడుతున్న చోట అడిగి తెచ్చుకోవచ్చు గానీ రెండు చూసుకోవాలి. సిమెంటు కలిసిన కుప్ప అయితే తడవగానే పిల్లల చర్మాన్ని కాలుస్తుంది. రోబో శాండ్ అయితే అది రాయి పగలగొట్టి చేసింది, పలుకులకు పదునుంటుంది, దుమ్మూ లేస్తుంది. పిడికెడు ఇసుక నీళ్ళలో వేసి తిప్పండి. నది ఇసుకైతే నీళ్ళు త్వరగా తేరతాయి, రోబో శాండ్ అయితే పాలలా తెల్లగా మారతాయి.

తెచ్చిన మట్టిని పాత పేపర్ల మీద పలచగా పరిచి రెండు రోజులు ఎండబెట్టండి. మట్టిలోంచి మన పేగుల్లోకి చేరే పురుగుల్లో కొంకిపురుగు పిల్లలు ఎండకు చస్తాయి, ఏలికపాముల గుడ్లు మాత్రం అంత తేలిగ్గా చావవు. అందుకే ఎండబెట్టినా సబ్బుతో చేతులు కడగడం తప్పదు. నల్లమట్టి గడ్డలను పెద్దవాళ్ళే రాయితో నలగగొట్టి, గాజుపెంకులూ ముళ్ళూ ఏరేసి, పాత జల్లెడ పట్టాలి. జల్లెడలో మిగిలే తెల్లటి సున్నపు ఉండలను పారేయకండి, వాటితో పని ఉంది.

చేతితో చూడటం

మూడు స్టీలు పళ్ళేల్లో అరకప్పు చొప్పున, అంటే సుమారు 100 మిల్లీలీటర్లు, పొడి మట్టి పోయండి. పేర్లు చెప్పవద్దు. ముందు పొడిగానే నలపనివ్వండి. ఐదు నిమిషాలు మీరు మాట్లాడకుండా ఉండటం ఈ పాఠంలో అన్నిటికంటే కష్టమైన పని. తరువాత నీళ్ళు. టీ చెంచాతో ఒక్కొక్కటే, పిల్లలే పోయాలి, లెక్క బయటికి చెప్పాలి. నల్లమట్టికి ఆరు నుంచి ఎనిమిది చెంచాలు పడతాయి, ఎర్రమట్టికి నాలుగైదు, ఇసుకకు మూడు చాలు. మట్టిని బట్టి ఒకటి అటూ ఇటూ అవుతుంది.

ఇక్కడ తరచూ చెడేది నల్లమట్టి. చెంబెత్తి ఒకేసారి పోస్తే పైన బురద, లోపల పొడి. ఆ బురద గోళ్ళ సందుల్లో చేరి పిల్లలు విసుగెత్తి లేచిపోతారు. నాలుగు చెంచాలు పోశాక కలిపి, తడిగుడ్డ కప్పి పది నిమిషాలు వదిలేయండి. నల్లరేగడిలోని బంక రేణువులు నీటిని తమ పొరల మధ్యకు పీల్చుకుని ఉబ్బుతాయి, దానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. ఆ తరువాత మిగతా చెంచాలు పోస్తే చపాతీ పిండిలా చేతికి వస్తుంది.

ఇప్పుడు ఉండ చేయమనండి, ఆ ఉండను అరచేతుల మధ్య పాములా సాగదీయమనండి. ఇసుక ఉండ పట్టు వదలగానే రాలిపోతుంది. ఎర్రమట్టి ఉండ నిలుస్తుంది గానీ పాము జానెడు కాకముందే తెగుతుంది. నల్లమట్టి పాము చిటికెనవేలి మందంలో సాగుతుంది, చుట్టి గాజు చేసినా విరగదు. అంచుల్లో పగుళ్ళు వస్తే నీళ్ళు తక్కువ, అరచేతికి అంటుకుంటే ఎక్కువ. ఎక్కువైతే పొడి మట్టి చల్లితే సర్దుకుంటుంది.

అడిగే ప్రశ్నలు చిన్నవిగా ఉండాలి. ‘ఏది తెగింది?’, ‘ఏది చేతికి అంటుకుంది?’ అంటే మూడేళ్ళవాడు కూడా చూపిస్తాడు. ‘ఎందుకు తెగింది?’ అంటే మీ ముఖం చూస్తాడు. ఐదేళ్ళు దాటిన వాళ్ళను నీళ్ళు పోయకముందే ‘ఏది గాజు అవుతుంది, చెప్పు నాన్నా’ అని అడిగి, చెప్పిన పళ్ళెం ముందు ఒక చింతగింజ పెట్టించండి. తప్పు చెప్పినా సరిదిద్దకండి, పళ్ళెమే చెబుతుంది.

జల్లెడలో మిగిలిన ఆ సున్నపు ఉండలను ఈ ఐదేళ్ళు దాటిన వాళ్ళకే చూపండి. ఒకటి కడిగి పగలగొట్టి, పగిలిన చోట నాలుగైదు నిమ్మరసం చుక్కలు వేయించండి. సన్నటి బుడగలు లేస్తాయి, చెవి దగ్గర పెడితే చిటపట వినపడవచ్చు. సున్నంలోంచి వచ్చే గాలి అది. మామూలు గులకరాయి మీద కూడా వేయించి చూపండి. ఏమీ కాకపోవడం చూస్తేనే మొదటిది వింత అవుతుంది.

నీళ్ళు ఎక్కడికి పోయాయి?

లీటరు వాటర్ బాటిళ్ళు మూడు తీసుకుని నడిమికి కోయండి. కోసిన అంచులకు టేపు చుట్టడం మరిచిపోవద్దు, చేతులు కోసుకుంటాయి. మూత తీసేసి, మూతి మీద పాత పంచె గుడ్డ రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండు బిగించి, పై ముక్కను తలకిందులుగా కింది ముక్కలో నిలపండి. ఒక్కోదాంట్లో కప్పు మట్టి, అంటే 200 మిల్లీలీటర్లు. అదమకూడదు, నేల మీద రెండుసార్లు తట్టి సర్దాలి, మూడింటికీ ఒకేలా. ఒకదాన్ని అదిమి ఇంకోదాన్ని వదులుగా వదిలేస్తే మీరు పోలుస్తున్నది మట్టిని కాదు, చేతి బలాన్ని.

ముగ్గురు పిల్లలు ఒకేసారి, కప్పు చొప్పున నీళ్ళు మెల్లగా పోయాలి. ఇసుకలోంచి చూస్తుండగానే ధారగా కారుతుంది. ఎర్రమట్టిలోంచి చుక్కలు. నల్లమట్టి మీద నీళ్ళు గుంటలా నిలబడిపోతాయి, అరగంటకు కూడా కింద ఏమీ ఉండకపోవచ్చు. నల్లమట్టి మొదట గబగబా తాగి, పై పొర ఉబ్బగానే దారులు మూసుకుంటుంది. పిల్లలు ఇసుక సీసా చుట్టూ మూగడం సహజం. మీరు నల్లసీసాను అక్కడే ఉంచి, భోజనాలయ్యాక మళ్ళీ చూపండి. నల్లమట్టి నీళ్ళు వెంటనే కిందికి వచ్చేశాయంటే అందులో గడ్డలు మిగిలి ఉన్నాయన్నమాట, సందుల్లోంచి జారిపోయాయి. ఎండబెట్టి మళ్ళీ జల్లించండి.

తరువాతది బురదనీళ్ళు తేరుకోవడం చూడటం, దానికి పెద్ద పని లేదు. రెండు సీసాల్లో నాలుగేసి చెంచాల నల్లమట్టి, మెడ దాకా నీళ్ళు, మూత బిగించి బాగా కుదిపించండి. ఒకదాంట్లో మీరే చిటికెడు పటిక పొడి కలిపి ఇంకోసారి కుదపండి. పటిక వేసిన సీసా త్వరగా తేరుకుంటుంది, రెండోది మర్నాటికీ మబ్బుగానే ఉంటుంది. పటిక పిల్లల చేతికి ఇవ్వకండి, కంట్లో పడితే మండుతుంది.

మిగిలిన తడి మట్టులను పళ్ళేల్లో వేలు మందంలో పరిచి డాబా మీద ఎండలో పెట్టండి. వేసవిలో రెండు రోజుల్లో నల్లమట్టి నెర్రెలు విచ్చుతుంది, పళ్ళెం అంచు నుంచీ విడిపోతుంది. ఉబ్బినప్పుడు పీల్చుకున్న నీరు పోగానే కుంచించుకుపోవడమే కారణం. ఇసుక అలాగే ఉంటుంది. నెర్రెలో చీపురుపుల్ల దించి ఎంత లోతు పోయిందో వేలితో పట్టుకుని చూపించమనండి. వానాకాలంలో వారం పట్టవచ్చు, ఫ్యాను కింద పెట్టినా ఫర్వాలేదు. ఎండాకాలం పిల్లలతో చేసే పనంతా ఉదయం తొమ్మిదిలోపే ముగించండి.

ఒక్కో పనికి పది, పదిహేను నిమిషాలు చాలు. అన్నీ ఒకే రోజు పెట్టుకోవద్దు, వారానికి సర్దండి. పిల్లల గోళ్ళు ముందురోజే తీసి ఉండాలి, కాళ్ళకు చెప్పులుండాలి. అయ్యాక సబ్బుతో కనీసం ఇరవై సెకన్లు చేతులు కడిగించండి. ఆ బురదనీళ్ళు సింకులో పోస్తే గొట్టం పూడుకుపోతుంది, మొక్కలకు పోయండి. రెండేళ్ళవాడు ఒకసారి మట్టి నోట్లో పెట్టుకుంటే అది వాడు మట్టిని చూసే తీరే. నాలుగేళ్ళ పాప పదేపదే దాచుకుని తింటుంటే మాత్రం తిట్టకండి, రక్తహీనత ఉందేమో డాక్టరుకు చూపించండి.

వచ్చే పాఠంలో ఈ మూడు మట్టుల్లోనే పెసలు నాటిస్తాం. కాబట్టి రకానికి కిలో చొప్పున పొడిగా డబ్బాల్లో దాచండి, మూత మీద పేరు రాయకుండా పిల్లల చేత చిటికెడు మట్టి జిగురుతో అంటించండి. పాతికో ముప్ఫయ్యో పెసలు, అడుగున చిల్లు పెట్టిన పెరుగు కప్పులు ఆరు సిద్ధంగా ఉంచుకోండి. పప్పు కాదు, పొట్టుతో ఉన్న నిండు గింజలే కావాలి.