విదేశీ స్థావరాలు, రక్షణ ఒప్పందాలపై ఆర్టీఐ దరఖాస్తు: ఎవరికి పెట్టాలి, ఎలా అడగాలి

అమెరికాతో 2016 ఆగస్టు 29న కుదిరిన లాజిస్టిక్స్ ఒప్పందం (లెమోవా) ప్రకారం రెండు దేశాల సైన్యాలు ఒకరి రేవుల్లో, విమానాశ్రయాల్లో మరొకరు ఇంధనం, సామగ్రి తీసుకుని ఆ తర్వాత డబ్బు చెల్లించుకోవచ్చు. ఇందులో స్థావరాల ఏర్పాటు లేదని ప్రభుత్వం అప్పుడే ప్రకటించింది. మరోవైపు మారిషస్‌కు చెందిన అగలేగా దీవిలో మన దేశ సాయంతో కట్టిన రన్‌వే, జెట్టీ 2024 ఫిబ్రవరి 29న ప్రారంభమయ్యాయి. ఇలాంటి వాటి గురించి పత్రికా ప్రకటనలో ఉన్నంత వరకే తెలుసుకుని ఊరుకోనక్కర్లేదు. పది రూపాయలు కట్టి సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద కాగితాలు అడగొచ్చు.

రక్షణ వ్యవహారాలకు ఆర్టీఐ వర్తించదన్న అపోహ బలంగా ఉంది. చట్టం నుంచి మినహాయించిన సంస్థలు రెండో షెడ్యూల్‌లో ఉంటాయి. అందులో రా, ఐబీ, డీఆర్‌డీఓ, బీఎస్ఎఫ్ వంటివి కనిపిస్తాయి. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారం మాత్రమే వాటిని అడగొచ్చు. రక్షణ మంత్రిత్వ శాఖ, విదేశాంగ శాఖ, సైన్యం, నౌకాదళం, వైమానిక దళం ఆ జాబితాలో లేవు. అంటే దరఖాస్తు తీసుకోవాలి, పేరాపేరాకూ జవాబివ్వాలి, ఇవ్వకపోతే కారణం రాయాలి.

దరఖాస్తు పెట్టే హక్కు భారత పౌరులకే. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైలు డల్లాస్‌లో ఉన్నా దుబాయ్‌లో ఉన్నా పెట్టొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవారికి కుదరదు.

ముందు వెతకాల్సినవి

ఇప్పటికే బయట ఉన్న కాగితాన్ని అడిగితే నెల తర్వాత వెబ్‌సైట్ లింకు వస్తుంది, అంతే. అందుకే విదేశాంగ శాఖ సైట్‌లోని ఒప్పందాల డేటాబేస్, లోక్‌సభ, రాజ్యసభ ప్రశ్నోత్తరాలు, రక్షణ శాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదికలు ముందు చూడండి. పార్లమెంటు జవాబు దొరికితే దాని తేదీ, ప్రశ్న నంబరు రాసిపెట్టుకోండి. ఆ జవాబు ఏదో ఒక ఫైలు ఆధారంగానే తయారై ఉంటుంది. ‘ఫలానా తేదీ ఫలానా నంబరు ప్రశ్నకు జవాబు తయారుచేసిన ఫైలులోని పత్రాలు’ అని అడిగితే, అసలు అలాంటి సమాచారమే లేదని తప్పించుకోవడం కష్టం.

ఏ కార్యాలయానికి

ఒప్పందం పాఠం, సంతకం, అమలు తేదీ, పొడిగింపు వంటివైతే విదేశాంగ శాఖకు పెట్టండి. లెమోవా వంటి సైనిక ఒప్పందాల చర్చలు, అంతర్జాతీయ సహకారం రక్షణ మంత్రిత్వ శాఖలోని రక్షణ విభాగానివి. నౌకల రాకపోకలు, ఇంధన బిల్లులైతే నౌకాదళ ప్రధాన కార్యాలయానికి పెట్టాలి. అగలేగా వంటి నిర్మాణాలు అభివృద్ధి సాయం పద్దులో నడిచాయి కాబట్టి అవి మళ్లీ విదేశాంగ శాఖకే.

తప్పు శాఖకు వెళ్తే ఐదు రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలని సెక్షన్ 6(3) చెబుతోంది. కానీ మూడు శాఖలకు చెందిన ప్రశ్నలన్నీ ఒకే దరఖాస్తులో కుక్కితే ముక్కలుముక్కలుగా బదిలీ అయి, ఏ ముక్కకు ఎవరు బాధ్యులో తేలదు. శాఖకో దరఖాస్తు, ఒక్కో దరఖాస్తుకూ ఒకే ఒప్పందం. ఇరవై రూపాయలు ఎక్కువైనా ఇదే నయం.

ప్రశ్న రాయడం

ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే పోతాయి. ‘మన రేవులను అమెరికాకు ఎందుకు ఇచ్చారు?’, ‘దేశ సార్వభౌమత్వానికి ఇది ముప్పు కాదా?’ ఇవి పార్లమెంటులో అడగాల్సినవి, ఆర్టీఐలో కాదు. రికార్డులో ఉన్నదే ఇవ్వాలి తప్ప లేని సమాచారాన్ని తయారుచేసి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ కేసులో చెప్పింది. ‘ఎందుకు’ అన్న మాట కనిపించగానే ‘ఇది సమాచారం కిందికి రాదు’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

రెండో తప్పు కార్యకలాపాల వివరాలు అడగడం. ఏ నౌక ఏ రోజు ఏ బెర్తులో ఆగింది, ఎంతమంది సిబ్బంది వచ్చారు అంటే భద్రత కారణం చూపి తోసిపుచ్చుతారు. చాలాసార్లు ఆ కారణం సబబే. సంవత్సరాల వారీగా మొత్తాలు అడగండి. లెమోవాలో ముఖ్యంగా నాలుగు సందర్భాలున్నాయి: రేవు సందర్శనలు, ఉమ్మడి విన్యాసాలు, శిక్షణ, విపత్తు సహాయం. 2019 నవంబరులో విశాఖపట్నం, కాకినాడల్లో జరిగిన ‘టైగర్ ట్రయంఫ్’ విన్యాసాన్నే తీసుకుంటే ప్రశ్నలు ఇలా ఉండాలి: ఈ విన్యాసం సందర్భంగా లెమోవా కింద అమెరికా దళాలకు ఇచ్చిన ఇంధనం, సామగ్రి మొత్తం విలువ ఎంత, అందులో ఏ తేదీ వరకు ఎంత తిరిగి వసూలైంది, ఆ వసూళ్లు ఏ పద్దు కింద జమయ్యాయి, ఈ లెక్కలకు వర్తించే విధివిధానాల పత్రం నకలు. నాలుగూ కాగితం మీద ఉండేవే, ఏ ఒక్కటీ యుద్ధ రహస్యం కాదు.

చివర్లో ఈ వాక్యం తప్పక చేర్చండి: ‘కోరిన పత్రంలో కొంత భాగం మినహాయింపు కిందికి వస్తే, సెక్షన్ 10 ప్రకారం ఆ భాగాన్ని తీసేసి మిగతాది ఇవ్వగలరు.’ ఇది లేకపోతే ఒక పేరా రహస్యమైనా నలభై పేజీలూ ఆపేస్తారు. సమాచారం ఎందుకు కావాలో మాత్రం రాయకండి. అడిగే అధికారం వాళ్లకు లేదని సెక్షన్ 6(2) చెబుతోంది, మీరే రాసి వాదనకు దారివ్వడం దేనికి?

దాఖలు

కేంద్ర ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో శాఖను ఎంచుకుని, వివరాలు నింపి, కార్డుతో గానీ నెట్ బ్యాంకింగ్‌తో గానీ ₹10 కట్టాలి. ప్రశ్నల గడిలో 3,000 అక్షరాలకు మించి పట్టవు. ఎక్కువైతే పీడీఎఫ్ జతచేయాలి. ఆ గడి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని విరామ చిహ్నాలనే తీసుకుంటుంది. వర్డ్ ఫైలు నుంచి అతికించినప్పుడు కొటేషన్ గుర్తులు, సెమీకోలన్లు, రూపాయి గుర్తు వస్తే ఫారం ముందుకు కదలదు. వాటిని తీసేసి మళ్లీ నొక్కండి. నమోదు నంబరు భద్రంగా ఉంచుకోవాలి, అప్పీలుకు అదే ఆధారం. మన రాష్ట్ర ప్రభుత్వ శాఖల ప్రశ్నలు ఇందులో పెడితే దరఖాస్తు తిప్పి పంపుతారు, ఫీజు వెనక్కి రాదు.

పోస్టులో పంపేవారు సంబంధిత శాఖ అకౌంట్స్ ఆఫీసర్ పేరిట ₹10 ఇండియన్ పోస్టల్ ఆర్డర్ జతచేయాలి. కోర్టు ఫీజు స్టాంపుకు కేంద్ర నియమాల్లో చోటు లేదు. దరఖాస్తు మామూలుగా 500 పదాలు దాటకూడదు. తెల్ల రేషన్ కార్డు ఉంటే సరిపోతుందని కొందరు అనుకుంటారు గానీ, ఫీజు మినహాయింపుకు దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు ప్రభుత్వం ఇచ్చిన ధ్రువపత్రం నకలు కావాలి.

గడువు 30 రోజులు. నకళ్లకు పేజీకి ₹2 చొప్పున కట్టమని లేఖ వస్తే వెంటనే కట్టండి. లేఖ పంపిన రోజు నుంచి మీరు కట్టే రోజు వరకు గడువు గడియారం ఆగిపోతుంది. ఫైలు స్వయంగా చూడాలంటే మొదటి గంట ఉచితం, ఆపై గంటకు ₹5.

తిరస్కరణ వస్తే

ఈ విషయంలో వచ్చే తిరస్కరణలు ముఖ్యంగా రెండు రకాలు. సెక్షన్ 8(1)(ఎ) దేశ భద్రత, వ్యూహాత్మక ప్రయోజనాలు, విదేశాలతో సంబంధాలకు హాని గురించి. 8(1)(ఎఫ్) విదేశీ ప్రభుత్వం నుంచి గోప్యంగా అందిన సమాచారం గురించి. రెండోదాన్ని అవసరానికి మించి వాడుతుంటారు. అది అవతలి దేశం నుంచి వచ్చిన సమాచారానికి సంబంధించినది. మన అధికారులు మన ఫైలులో వేసుకున్న లెక్కలు, మన ఖజానాకు జమైన సొమ్ము దాని కిందికి రావని అప్పీల్లో రాయాలి.

ఇరవై ఏళ్లు దాటిన విషయాల్లో ఇంకో వెసులుబాటుంది. సెక్షన్ 8(3) ప్రకారం అప్పుడు 8(1)లోని (ఎ), (సి), (ఐ) తప్ప మిగతా మినహాయింపులు నిలవవు. అమెరికాతో సైనిక సమాచార భద్రత ఒప్పందం 2002 జనవరిలో కుదిరింది. కాబట్టి ఆనాటి కాగితాలకు 8(1)(ఎఫ్) అడ్డు చెప్పలేరు. (ఎ) మాత్రం ఎన్నేళ్లయినా ఉంటుంది. 1962 యుద్ధంపై హెండర్సన్ బ్రూక్స్ నివేదికను పాత్రికేయుడు కులదీప్ నయ్యర్ అడిగితే 2009లో కేంద్ర సమాచార కమిషన్ ఇవ్వనవసరం లేదన్నది ఆ నిబంధన కిందే. మొత్తం నివేదికలు, సైనిక అంచనాలు అడిగేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మొదటి అప్పీలు జవాబు అందిన 30 రోజుల్లో, జవాబే రాకపోతే గడువు ముగిసిన 30 రోజుల్లో అదే శాఖలోని పై అధికారికి పెట్టాలి. ఫీజు లేదు. అప్పీల్లో కోపం చూపకుండా నాలుగు విషయాలు రాస్తే చాలు. సెక్షన్ అంకె వేసి వదిలేశారు, హాని ఎలా కలుగుతుందో చెప్పలేదు. సెక్షన్ 10 కింద వేరుచేసి ఇచ్చే అవకాశం పరిశీలించలేదు. నిరాకరణ సరైనదేనని రుజువు చేసే భారం సెక్షన్ 19(5) ప్రకారం అధికారిదే. నాలుగోది 8(2): హాని కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే అధికార రహస్యాల చట్టం ఉన్నా ఇవ్వొచ్చు. రఫేల్ యుద్ధ విమానాల కొనుగోలుపై సుప్రీంకోర్టు రివ్యూ కేసులో 2019 ఏప్రిల్ 10న జస్టిస్ కె.ఎం. జోసెఫ్ విడిగా రాసిన తీర్పులో దీన్ని వివరించారు. ఆ ప్రజాప్రయోజనం ఏమిటో మీ ప్రశ్నకు తగ్గట్టు రెండు వాక్యాల్లో చెప్పాలి, ఊరికే సెక్షన్ పేరు రాస్తే పనిచేయదు.

అప్పీలు 30 రోజుల్లో, కారణం రాస్తే 45 రోజుల్లో తేలాలి. తేలకపోయినా, తీర్పు నచ్చకపోయినా 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దరఖాస్తు, జవాబు, మొదటి అప్పీలు, దాని ఉత్తర్వు నకళ్లతో పాటు వాటి సూచిక లేకపోతే రిజిస్ట్రీ తిప్పి పంపుతుంది.

డీగో గార్షియా సంగతి అడగాలంటే

హిందూ మహాసముద్రంలోని ఆ దీవిలో ఉన్న సైనిక స్థావరం బ్రిటన్, అమెరికాలది, మన ఆర్టీఐ అక్కడిదాకా పోదు. బ్రిటన్ సమాచార స్వేచ్ఛ చట్టం కింద ఏ దేశస్తులైనా అసలు పేరుతో ఈమెయిల్ పంపొచ్చు. దరఖాస్తుకు ఫీజు లేదు, గడువు 20 పనిదినాలు. వెతకడానికి 600 పౌండ్లు, అంటే 24 పనిగంటలు దాటుతుందనిపిస్తే తిరస్కరిస్తారు, కాబట్టి ఒకటి రెండేళ్ల కాలానికే పరిమితం చేయండి. ఆ దీవి విషయమై మారిషస్‌తో 2025 మే 22న సంతకమైన ఒప్పందం పాఠాన్ని, ఏటా సగటున 10.1 కోట్ల పౌండ్ల ఖర్చు లెక్కను బ్రిటన్ ప్రభుత్వమే బయటపెట్టింది. అవి చదివాకే ప్రశ్న రాయండి. అమెరికా సమాచార స్వేచ్ఛ చట్టం కిందా విదేశీయులు అడగొచ్చు. అక్కడ మామూలు దరఖాస్తుదారులకు రెండు గంటల వెతుకులాట, 100 పేజీల నకళ్లు ఉచితం. ఆపై ఎంతవరకు కట్టగలరో దరఖాస్తులోనే రాయకపోతే ఫీజు గురించిన లేఖలతోనే నెలలు గడిచిపోతాయి.