పళ్లు వస్తున్న చిన్నజాతి కుక్కపిల్లతో విశాఖ నుంచి అరకు: దారిలో చిగుళ్ల బాధ ఎలా తగ్గించాలి?

మూడో నెల దాటిన పొమేరియన్, షిట్జు, పగ్ పిల్ల కనిపించిన చెప్పునల్లా కొరుకుతోందంటే పాలపళ్లు ఊడే కాలం వచ్చిందన్నమాట. 28 పాలపళ్లు ఊడిపోయి 42 అసలు పళ్లు వచ్చేసరికి దానికి ఆరేడు నెలలు నిండుతాయి. ముందుపళ్లు మూడు, నాలుగు నెలల్లో మారతాయి. కోరపళ్లు ఐదారు నెలలప్పుడు. ఇంట్లో ఉంటే చల్లటి గచ్చు మీద బోర్లా పడుకుని బొమ్మ కొరుక్కుంటూ ఎలాగోలా గడిపేస్తుంది. కారులో మూడు, నాలుగు గంటలు ఒకే చోట కూర్చోవాలంటే ఆ సలుపు, దురద భరించలేదు. సీటు బెల్టు, చున్నీ అంచు, మీ వేళ్లు, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటుంది. పాపం, అది అల్లరి కాదు. దాన్ని కొట్టొద్దు, మూతి కట్టొద్దు.

ముందు రోజు రాత్రి

పాత పంచెలోంచి గానీ లుంగీలోంచి గానీ అడుగు పొడవు, అడుగు వెడల్పు ముక్కలు మూడు చింపండి. టర్కీ టవల్ వాడొద్దు. దాని పోగుల్లో కదులుతున్న పన్ను చిక్కుకుంటే పిల్ల బెదిరిపోయి తల విదిలిస్తుంది, అప్పుడు పన్ను అడ్డంగా విరుగుతుంది. ముక్కలను తడిపి, నీళ్లు కారకుండా పిండి, తాడులా మెలితిప్పి, మధ్యలో ఒక గట్టి ముడి వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. దారిలో పిల్ల కొరుక్కోవడానికి ఇచ్చేవి ఇవే.

ఉత్త నీళ్ల గుడ్డను పట్టించుకోని పిల్లలుంటాయి. వాటికోసం ఎముక లేని 100 గ్రాముల కోడిమాంసాన్ని అర లీటరు నీళ్లలో ఉడికించి, చల్లార్చి, పైన తేలిన కొవ్వు తీసేసి, ఆ నీళ్లలో గుడ్డ తడపండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏదీ పడకూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి.

పొద్దున్న ఆ గుడ్డలను వెడల్పు మూతి ఉన్న స్టీల్ ఫ్లాస్క్‌లో గానీ, ఐస్ ప్యాక్ వేసిన థర్మకోల్ డబ్బాలో గానీ సర్దండి. విశాఖ ఉక్కపోతలో మామూలు సంచిలో పెడితే పెందుర్తి దాటకముందే కరిగిపోతాయి.

రబ్బరు బొమ్మ కూడా ఒకటి ఉంచండి. బొటనవేలి గోటితో నొక్కి చూడండి, గోరు దిగబడకపోతే అది పిల్ల పళ్లకు మరీ గట్టిది, వద్దు. మొత్తం నోట్లో పట్టేంత చిన్నదైతే గొంతుకు అడ్డం పడుతుంది.

బయల్దేరే ముందు తిండి

చిన్నజాతి పిల్లల విషయంలో అందరూ పొరపాటు పడేది ఇక్కడే. కారులో వాంతి చేసుకుంటుందని రాత్రి నుంచీ కడుపు మాడుస్తారు. పెద్ద కుక్క తట్టుకుంటుంది గానీ కిలో, కిలోన్నర బరువున్న పిల్ల ఒంట్లో చక్కెర నిల్వ చాలా తక్కువ. చిగుళ్లు నొప్పిగా ఉండి అంతకుముందే సరిగా తిని ఉండదు, దానికి ఈ పస్తు తోడైతే రక్తంలో చక్కెర పడిపోతుంది. అందుకే ఎనిమిదింటికి బయల్దేరేటట్టయితే ఆరింటికి సగం తిండి పెట్టండి. గింజల్లా ఉండే ప్యాకెట్ డాగ్ ఫుడ్‌ని గోరువెచ్చని నీళ్లలో పదిహేను నిమిషాలు నానబెట్టి, వేళ్లతో మెదిపి పెడితే నమలాల్సిన పని ఉండదు.

దారిలో

పిల్లను జిప్ ఉన్న కేరియర్‌లో (పెంపుడు జంతువులను తీసుకెళ్లే సంచి) వెనక సీటులో ఉంచి, పక్కన ఒకరు కూర్చోవాలి. డ్రైవింగ్ చేసేవాళ్ల ఒళ్లో వద్దు. గుడ్డ ఫ్లాస్క్‌లోంచి తీయగానే రాయిలా ఉంటే రెండు నిమిషాలు ఆగండి. వంచితే వంగాలి. ఒక కొస మీరు పట్టుకుని, ముడి ఉన్న భాగం దాని నోటికి అందించండి. పది, పదిహేను నిమిషాలు కొరకనిచ్చి తీసేయండి. పోగులు ఊడుతుంటే ఆ గుడ్డ ఇక పనికిరాదు. మింగిన దారం పేగుల్లో చుట్టుకుంటే ఆపరేషన్ దాకా పోతుంది. గుడ్డ మీద గులాబీ రంగు మరక, బియ్యపు గింజంత పన్ను కనిపిస్తే కంగారు వద్దు. పన్ను మింగేసినా ఏమీ కాదు.

చొల్లు కారడం చూసి తికమక పడతారు. చిగుళ్ల బాధకు చొల్లు కార్చే పిల్ల కొరకడానికి ఏదో ఒకటి వెతుకుతూనే ఉంటుంది. కడుపు తిప్పుతున్న పిల్ల కదలదు, మాటిమాటికి పెదాలు నాకుతుంది, ఆవులిస్తుంది, గుటకలు వేస్తుంది. అప్పుడు గుడ్డ ఇవ్వకుండా బండి ఆపి, గాలి తగలనివ్వండి.

కొత్తవలస దాటాక, ఘాట్ రోడ్డు మొదలయ్యేలోపు ఎస్.కోటలో (శృంగవరపుకోట) ఒకసారి ఆగి, నానబెట్టిన తిండి రెండు చెంచాలు, కాసిని నీళ్లు ఇవ్వండి. అరగంట ఆగి కొండెక్కండి. మలుపుల్లో తిండి వద్దు, చల్లటి గుడ్డ చాలు. టీకాలన్నీ పూర్తయి రెండు వారాలు గడవకపోతే ఎక్కడా నేల మీద దించొద్దు. హోటళ్ల ముందు ఊరకుక్కలు తిరిగిన మట్టిలో, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది. కేరియర్‌లో పాత పేపరు పరిచి, అక్కడే ఒంటికి పోయించండి. టీ తాగడానికి దిగేటప్పుడు పిల్లను మూసిన కారులో వదలొద్దు. పగ్, షిట్జు లాంటి చదునుముక్కు పిల్లలకు నీడలో ఆపిన కారు కూడా ప్రమాదమే.

ఇవి నోటికి తగలనివ్వొద్దు

పసిపిల్లల చిగుళ్లకు రాసే జెల్, పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, లవంగ నూనె. మనకు మేలు చేసేవే కదా అని రాస్తారు, కిలో బరువున్న ప్రాణికి అవి విషం. ఉడికిన కోడి ఎముక చీలికలై గుచ్చుకుంటుంది. ఐస్ ముక్క పన్ను విరగ్గొడుతుంది.

పిల్ల వాలిపోతే

తూలుతూ, వణుకుతూ, పిలిచినా పలకకపోతే చక్కెర పడిపోయిందని అనుమానించాలి. అర చెంచా గ్లూకోజ్ పొడిని చెంచా నీళ్లలో కలిపి, వేలితో చిగుళ్లకు రుద్దండి. స్పృహ సరిగా లేనప్పుడు గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుడ్డలో చుట్టి వెచ్చగా ఉంచి, దగ్గర్లోని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పది నిమిషాల్లో లేచి తోక ఊపినా సరే, వెళ్లాలి. ఆ చక్కెర ఎక్కువసేపు నిలవదు.

ఇంటికి వచ్చాక

వారానికోసారి పై పెదవి ఎత్తి చూడండి. కొత్త కోరపన్ను పక్కనే పాత సన్నకోర ఊడకుండా నిలబడి ఉంటే, చిన్నజాతుల్లో తరచూ కనిపించేదే అయినా, వదిలేయకూడదు. రెండిటి మధ్య తిండి ఇరుక్కుని చిగురు పాడవుతుంది, కొత్త పన్ను వంకరగా వస్తుంది. డాక్టరుకు చూపిస్తే పాలపన్ను తీయాలో లేదో చెబుతారు. ఇంట్లో పట్టకారుతో లాగితే వేరు లోపలే విరిగి ఉండిపోతుంది.