వెలిగారం జోలికి పోకుండా పిల్లలతో స్లైమ్ చేయడం

పిల్లలు లాగుతూ నొక్కుతూ ఆడుకునే జిగట ముద్ద స్లైమ్‌కు ఆ సాగుడు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిస్తే, ఇంట్లో ఏది కలపవచ్చో ఏది కలపకూడదో తేల్చుకోవడం తేలిక. బడి పిల్లలు వాడే తెల్ల జిగురులో పొడవాటి గొలుసుల్లాంటి అణువులు ఉంటాయి. వెలిగారం, అంటే బోరాక్స్, నీటిలో కరిగి ఆ గొలుసులను అక్కడక్కడా ముడివేస్తుంది. ఆ ముడులు ఊడుతూ మళ్లీ పడుతూ ఉండటం వల్లనే ముద్ద లాగితే సాగుతుంది, వదిలేస్తే మెల్లగా పరుచుకుంటుంది. 1976లో అమెరికాలో మాటెల్ సంస్థ అమ్మిన స్లైమ్ బొమ్మలో జిగురుకు బదులు గ్వార్ గమ్ ఉండేది. అది మన గోరుచిక్కుడు గింజల నుంచి తీసే బంకే. దాన్ని ముడివేసింది మాత్రం వెలిగారమే.

వెలిగారం మనకు కొత్త సరుకు కాదు. కంసాలి బంగారం అతికేటప్పుడు వాడతాడు, పసుపుతో ఇంట్లో కుంకుమ చేసుకునేవారూ వాడతారు. తెలిసిన పదార్థం కదా అని పిల్లల చేతికి ఇవ్వడం పొరపాటు. కడుపులోకి పోతే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి; గీరుకుపోయిన చర్మం గుండా శరీరంలోకి చేరుతుంది. ఐరోపా సమాఖ్య దీన్ని సంతానోత్పత్తికి హాని కలిగించే పదార్థాల్లో చేర్చింది. జిగటగా ఉండే ఆటవస్తువుల నుంచి వెలువడే బోరాన్ కిలోకు 300 మిల్లీగ్రాములు దాటరాదని హద్దు పెట్టింది. ‘బోరాక్స్ లేని స్లైమ్’ అని చూపించే వీడియోల్లో చాలావాటిలో కాంటాక్ట్ లెన్సులు కడిగే ద్రావణం పోస్తుంటారు. అది జిగురును గట్టిపరిచేది అందులోని బోరిక్ ఆమ్లం, బోరేట్ల వల్లనే కనుక, పేరు మారిందే తప్ప పదార్థం మారలేదు. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి కూడా తరచు బోరిక్ ఆమ్లమే అయి ఉంటుంది కాబట్టి దాన్నీ దూరంగా ఉంచాలి.

వీటి బదులు మందుల దుకాణంలో దొరికే ఇసబ్గోల్ పొట్టుతో చేసే స్లైమ్‌నే నేను ఎక్కువగా సిఫారసు చేస్తాను. జిగురు స్లైమ్ అంత బారుగా సాగదని పిల్లలకు ముందే చెప్పడం మంచిది, లేకపోతే దుకాణంలో చూసినదానితో పోల్చుకుని నిరాశపడతారు. ఒక టీస్పూను పొట్టుకు 240 మిల్లీలీటర్ల నీళ్లు సరిపోతాయి. రంగు, సువాసన కలిపిన రకం కాక ఉత్త పొట్టే తీసుకోవాలి. పొడిని పెద్దవాళ్లే కొలవాలి, ఎందుకంటే ఆ దుమ్ము పీలిస్తే కొందరికి ఉబ్బసం రేగుతుంది. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో ఉబ్బి అడ్డుపడుతుంది. నీళ్లలో కలిపాక ఐదు నిమిషాలు నాననిచ్చి, పొంగడానికి చోటుండేలా లోతైన గిన్నెలో పోసి, సన్న మంట మీద కలుపుతూ మరిగించాలి. పొంగు రాగానే దించి, మూడు నాలుగు నిమిషాలు చల్లారనిచ్చి, మళ్లీ పొయ్యి మీద పెట్టాలి. ఇలా నాలుగైదు సార్లు చేస్తుంటే ప్రతిసారీ కొంత చిక్కబడుతుంది. గరిటె ఎత్తినప్పుడు చుక్కలుగా కారకుండా మొత్తం ఒకే ముద్దగా జారితే పాకం కుదిరినట్టు. పొయ్యి దగ్గరి పని పూర్తిగా పెద్దలదే, ఎందుకంటే వేడి జావలాగే ఇది కూడా చర్మానికి అంటుకుని కాలుస్తుంది, విదిలించినా ఊడదు. పళ్లెంలో పలచగా పరిచి కనీసం గంట ఆరనిచ్చి, మధ్యలో వేలు పెట్టి వేడి లేదని మీరు చూసుకున్న తరువాతే పిల్లలకు ఇవ్వాలి.

అంతసేపు పిల్లలు ఊరుకోరు కాబట్టి రంగు పని వాళ్లకు అప్పగించవచ్చు. నానబెట్టే నీళ్లలోనే బీట్‌రూట్ రసమో చిటికెడు పసుపో వాళ్లచేత కలిపిస్తే సరి. పూసలు, థర్మకోల్ గుండ్లు, మెరుపు తునకలు మాత్రం వద్దు, ముఖ్యంగా ఇంట్లో ఏది దొరికినా నోట్లో పెట్టుకునే పసివాళ్లు ఉంటే. వంటింటి సరుకుతో చేసినా ఇది తినే వస్తువు కాదని మొదటే చెప్పాలి. ముద్ద చేతికి బాగా అంటుకుంటుంటే మరోసారి మరిగించాలి. ముక్కలుగా తెగుతుంటే రెండు చెంచాల నీళ్లు పోసి వేడి చేయాలి.

పొయ్యి వెలిగించే తీరిక లేని రోజున కార్న్‌ఫ్లోర్ చాలు. రెండు కప్పుల పిండికి ఒక కప్పు నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చేత్తోనే కలపాలి. గుప్పిట బిగిస్తే గట్టిపడి, విప్పగానే వేళ్ల సందుల్లోంచి కారిపోయే వింత పదార్థం తయారవుతుంది. నెమ్మదిగా కదిపితే పిండి రేణువుల మధ్య నీరు జారుతూ దారి ఇస్తుంది, గబుక్కున నొక్కితే రేణువులు ఒకదానికొకటి ఒరుసుకుని బిగుసుకుపోతాయి. దీనికి కావలసింది నొక్కితే కిర్రుమనే తెల్లటి గంజిపిండి. పసుపుపచ్చని మొక్కజొన్న పిండి పనికిరాదు. మొదటిసారి మేము ఆ రెండోదే తెచ్చి, ఎంత కలిపినా ముద్దే అవుతుంటే చివరికి రొట్టెలు కాల్చుకున్నాము.

కార్న్‌ఫ్లోర్ మిశ్రమాన్ని సింకులో పోస్తే గొట్టంలో అడుగున పేరుకుని గడ్డకడుతుంది. పళ్లెంలోనే ఎండనిచ్చి, గీకి చెత్తబుట్టలో వేయాలి. నేల మీద పడితే కాలు జారుతుంది కనుక వెంటనే తుడవాలి. ఇసబ్గోల్ ముద్ద మూత బిగించిన డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఆడుకోవచ్చు. మన వేడికి, ఉక్కకు బయట వదిలేస్తే తొందరగా చెడిపోతుంది. వాసన మారినా బూజు చుక్క కనిపించినా పారేయాలి. ఆటకు ముందూ తరువాతా చేతులు కడిగించాలి. పసుపు కలిపిన స్లైమ్‌తో ఆడిన చేతులు సబ్బు తగలగానే ఎర్రబడితే కంగారు పడనక్కరలేదు. సబ్బులోని క్షారానికి పసుపు అలా మారుతుంది, నీళ్లు పోసి బాగా కడిగితే మళ్లీ పచ్చబడుతుంది.