వానలు మొదలయ్యేలోపు బోగీ పెయింటింగ్‌వాళ్ళు చూసుకోవాల్సినవి

వైజాగ్‌లో జూన్ వచ్చిందంటే బోగీ పెయింటింగ్‌కి అందరూ వానకే భయపడతారు, కానీ వాన కనిపిస్తుంది కాబట్టి పని ఆపేస్తాం, అసలు దెబ్బ కొట్టేవి ఉప్పూ చెమ్మా.

బోగీ కొన్నాళ్ళు బయట నిలబడిందంటే సముద్రపు గాలికి రేకు మీద ఉప్పు పేరుకుంటుంది. చాలామంది థిన్నర్ గుడ్డతో తుడిచేసి అయిపోయిందనుకుంటారు, థిన్నర్‌కి గ్రీజు పోతుంది గానీ ఉప్పు పోదండీ, మంచినీళ్ళతో కడగాల్సిందే, తుప్పు గీకక ముందోసారి, గీకాక ఇంకోసారి, పూర్తిగా ఆరనివ్వాలి. లేదంటే ఆ ఉప్పు ప్రైమర్ కింద కూర్చుని తేమ లాగి బుడగలు లేపుతుంది, అప్పుడు పైన ఎంత ఖరీదైన పీయూ (పాలీయురేథేన్) పెయింట్ వేసినా దండగే.

పాత ఐసీఎఫ్ (చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ డిజైన్) బోగీల్లో టాయిలెట్ల కింద ఫ్లోరు, గుమ్మాల దగ్గర, పక్క రేకు కింది అంచు ముందు చూడండి, తుప్పుని పుట్టీతో కప్పేయడం మాత్రం వద్దు. ఎల్‌హెచ్‌బీ (జర్మన్ డిజైన్‌తో వచ్చిన కొత్త రకం బోగీ) బాడీ స్టెయిన్‌లెస్ స్టీలే కదా అని మామూలు ఇనుప బ్రష్‌తో రుద్దేస్తే ఆ ఇనుప రజను అంటుకుని అక్కడే తుప్పు మరకలొస్తాయి.

ఇక తేమ సంగతి. గాలిలో తేమ 85 శాతం దాటితే స్ప్రే గన్ పక్కన పెట్టేయండి. రేకు వేడి డ్యూ పాయింట్ (గాలిలో తేమ చెమ్మగా పట్టడం మొదలయ్యే వేడి) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి, అంటే గాలి 30 డిగ్రీలు, తేమ 85 ఉంటే డ్యూ పాయింట్ 27 దాకా ఉంటుంది, రేకు 30 దాటాలన్నమాట, రాత్రంతా చల్లబడ్డ బోగీ పొద్దున్నే అంత వేడెక్కదు, సూపర్‌వైజర్ తొందరపెట్టినా ఎండెక్కేదాకా ఆగండి. ఎపాక్సీ ప్రైమర్ మీద జిడ్డులా తేలితే అది తేమ పనే, కడిగి ఆరాకే తర్వాతి కోటు.

పీయూ పెయింట్ గట్టిపడడానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది, స్ప్రే కొట్టేటప్పుడు ముక్కుకి రుమాలు కట్టుకుంటే దానికేం ఆగదు, ఆస్తమా తెప్పిస్తుంది, ఒకసారి పడకపోవడం మొదలైందా తర్వాత కొంచెం పీల్చినా ఇబ్బందే. బయటి నుంచి గాలి అందించే మాస్క్ అడగండి, ఇవ్వకపోతే గట్టిగా అడగండి. బోగీ లోపల కొడుతుంటే తలుపులు తీసి ఫ్యాన్ పెట్టుకోండి, దగ్గర్లో వెల్డింగ్ అసలొద్దు.

హార్డెనర్ డబ్బా వాడిన వెంటనే మూత బిగించండి. కానీ లోపల నీళ్ళ చుక్క పడిందనిపిస్తే మాత్రం బిగించొద్దు, గ్యాస్ పుట్టి డబ్బా ఉబ్బి పగులుతుంది, మూత వదులుగా పెట్టి మనుషులకి దూరంగా గాలాడే చోట ఉంచండి.