మందారానికి పిండినల్లి పదేపదే పడుతుంటే ముందు చీమల దారి మూయండి

ప్లాస్టిక్ షీటు కప్పిన పాలీహౌస్‌లో మందారానికి వాన తగలదు, ఆకులు కడుక్కుపోవు. అందుకే ఎన్నిసార్లు మందు కొట్టినా చిగుళ్ల దగ్గర పిండినల్లి (మీలీబగ్ అనే పురుగు) మళ్లీ తెల్లగా పేరుకుంటుంది, మొగ్గలు విచ్చకుండానే రాలిపోతాయి. దాని తీపి జిగురు కోసం చీమలు కాపలా కాస్తాయి, పిల్ల పురుగుల్ని కొత్త కొమ్మలకు మోస్తాయి, పిండినల్లిని తినే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి.

కుండీల్ని నాలుగు కాళ్ల స్టాండు మీదికి ఎక్కించి, ఒక్కో కాలు కింద నీళ్ల గిన్నె పెట్టండి. వంటింట్లో అన్నం గిన్నెకు చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో పెడతామే, అదే పద్ధతి. నీళ్లు 2 అంగుళాలు చాలు. గిన్నెలో నాలుగు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే చీమ తేలకుండా మునుగుతుంది, దోమలూ పెరగవు. వారానికోసారి నీళ్లు మార్చాలి.

బాగా ముద్దకట్టిన కొమ్మల చివర్లు కత్తిరించి కవర్లో మూటకట్టి పారేయండి. 5 మి.లీ. వేపనూనెలో 2 మి.లీ. అదే లిక్విడ్ వేసి, కాస్త గోరువెచ్చని నీళ్లతో పాలలా తెల్లబడేదాకా గిలకొట్టి, లీటరు నీళ్లలో కలపండి. ఎండ దిగాక ఆకుల అడుగు, కణుపుల సందులు తడిసేలా కొట్టాలి. ఇలా వారానికి ఒకసారి చొప్పున మూడు వారాలు కొట్టండి.

ఒక్క ఆకు గోడకో, డ్రిప్ పైపుకో తగిలినా చీమలకు వంతెన దొరికినట్టే, గిన్నెలు పనిచేయవు. కుండీ మట్టిలోనే పుట్ట ఉంటే ముందుగా కుండీని అరగంట నీళ్ల బకెట్లో ముంచి చీమల్ని వెళ్లగొట్టాకే స్టాండు ఎక్కించండి.