యంత్రానికి నెట్ ఇచ్చే ముందు: జీడి ఫ్యాక్టరీలు, రైస్ మిల్లులు చేసుకోవాల్సిన పనులు

పలాస-కాశీబుగ్గలో ఓ మోస్తరు జీడి ఫ్యాక్టరీలో కూడా ఇప్పుడు కలర్ సార్టర్ (రంగు చూసి గింజలు వేరుచేసే యంత్రం), బాయిలర్ కంట్రోల్ ప్యానెల్, కాటా గదిలో కంప్యూటర్, ఆఫీసులో లెక్కలు రాసే ట్యాలీ, షెడ్డు చుట్టూ కెమెరాలు ఉంటున్నాయి. ఇవన్నీ ఒకే వైఫై రౌటర్‌కి తగిలించి ఉండటమే అసలు చిక్కు. గుమాస్తా తెరిచిన ఒక నకిలీ బిల్లు ఫైలు ట్యాలీని లాక్ చేసి అక్కడితో ఆగదు, అదే తీగ మీద కాటాకీ సార్టర్‌కీ వెళ్తుంది. రాజాం జూట్ మిల్లుకైనా, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోని ఫెర్రో అల్లాయ్స్ యూనిట్‌కైనా ఇదే వర్తిస్తుంది. సాఫ్ట్‌వేర్ కొనడం తర్వాత సంగతి. ముందు బయటి నుంచి లోపలికి ఎన్ని దారులున్నాయో లెక్క తేలాలి.

నోటుబుక్కుతో ఒక చుట్టు

పని లేని పూట గేటు నుంచి ప్యాకింగ్ గది దాకా నడవండి. తీగ ఉన్న ప్రతి పరికరానికీ ఒక వరుస రాయండి: పేరు, ఎక్కడుంది, ఎవరు వాడతారు, నెట్ ఉందా, బయటి నుంచి ఎవరు లోపలికి రాగలరు, అది ఆగిపోతే పని ఎన్ని గంటలు నడుస్తుంది. ఈ చివరి గడిని వదలకండి. కాటా కంప్యూటర్ ఆగితే లారీలు గేటు దగ్గరే నిలిచిపోతాయి. హాజరు మిషన్ ఆగితే రిజిస్టర్‌లో సంతకాలు పెట్టించుకుంటే సరిపోతుంది. ఏది ముందు కాపాడుకోవాలో ఆ గడి చెబుతుంది.

ఈ చుట్టులో ఎక్కువగా కంట పడనిది యంత్రం ప్యానెల్ లోపలి సిమ్ రౌటర్. సార్టర్ బిగించడానికి వచ్చిన ఇంజనీరు సర్వీసు కోసం దాన్ని పెట్టి వెళ్తాడు, ఓనరుకు తెలియదు. ప్యానెల్ తలుపు తీసి చూడండి. తర్వాత కెమెరాల రికార్డింగ్ దాచే డీవీఆర్, సోలార్ ఇన్వర్టర్ తాలూకు డాంగిల్, ప్రింటర్ చూడండి. చివరగా ఆఫీసు రౌటర్ పేజీలో ‘కనెక్ట్ అయిన పరికరాలు’ జాబితా తీసి నోటుబుక్కుతో పోల్చండి. పుస్తకంలో లేని పేరు కనిపిస్తే అది ఎవరిదో తేలేదాకా బ్లాక్ చేయండి. ఆ పని షిఫ్టు ఆగాకే చేయాలి, బాయిలర్ నడుస్తుండగా తీగలు పీకవద్దు.

ఆఫీసు వేరు, యంత్రాలు వేరు

ఒక మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చుకోగల నెట్‌వర్క్ స్విచ్), వీల్యాన్ (ఒకే నెట్‌వర్క్‌ని విడివిడి భాగాలుగా పంచే పద్ధతి) చేయగల రౌటర్ ఉంటే చిన్న ఫ్యాక్టరీకి సరిపోతుంది. నాలుగు భాగాలు చేసి ఒక్కోదానికీ ఒక వీల్యాన్ నంబరు ఇవ్వండి: ట్యాలీ, ప్రింటర్‌లకు 10, యంత్రాలకు 20, కెమెరాలకు 30, ఫోన్లకూ వచ్చేపోయేవాళ్ల వైఫైకీ 40. యంత్రాల భాగానికి ఇంటర్నెట్ ఉండకూడదు. కాటా బరువు ట్యాలీకి పోవాలంటే ఆ ఒక్క కంప్యూటర్ నుంచి ఆ ఒక్క ఫోల్డర్‌కి మాత్రమే దారి తెరవండి.

ఇక్కడ తప్పు రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది, వీల్యాన్‌లు పెట్టి ఊరుకోవడం. చాలా రౌటర్లు ఒక వీల్యాన్ నుంచి ఇంకోదానికి తమంతట తామే దారి ఇస్తాయి, ఫైర్‌వాల్‌లో ‘వద్దు’ అని మీరు రూల్ రాసేదాకా గోడ లేనట్టే. పరీక్ష సులువు: ఆఫీసు కంప్యూటర్ నుంచి సార్టర్ నెట్‌వర్క్ అడ్రసుకి పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే కమాండ్) కొట్టండి. జవాబు వస్తే గోడ లేదు. రెండోది, ఒకే కంప్యూటర్‌ని తీగతో యంత్రానికీ వైఫైతో ఆఫీసుకూ కలపడం. ఆ ఒక్క ల్యాప్‌టాప్ మీ గోడకి తలుపు అవుతుంది. యంత్రం పక్కనున్న కంప్యూటర్లలో వైఫైని డిసేబుల్ చేసేయండి.

మీటర్లూ, యంత్రాన్ని నడిపే చిన్న కంప్యూటర్లయిన పీఎల్‌సీలూ మాట్లాడుకునే మోడ్‌బస్ అనే భాషలో పాస్‌వర్డ్ అనేదే లేదు. ఆ నెట్‌వర్క్‌లోకి వచ్చినవాడు రీడింగ్ చూడగలడు, విలువ మార్చగలడు కూడా. కాబట్టి కరెంటు వాడకం ఫోన్‌లో చూసుకోవాలంటే చదవడానికి మాత్రమే అనుమతించే గేట్‌వే పెట్టించుకోండి. బాయిలర్ సేఫ్టీ వాల్వు, నీళ్లు తగ్గితే మంట ఆపే కటాఫ్ ఎప్పుడూ నేరుగా తీగతోనే పనిచేయాలి. వాటిని సాఫ్ట్‌వేర్ మీద వదిలే ఏ ‘స్మార్ట్’ ప్యాకేజీకీ ఒప్పుకోకండి. అక్కడ పోయేది డేటా కాదు, మనుషుల ప్రాణాలు.

సర్వీసు ఇంజనీరుకు దారి

యంత్రం తయారుచేసినవాళ్లు దూరం నుంచి చూసి బాగుచేయడం మంచి సదుపాయమే. 24 గంటలూ తెరిచి ఉంచడమే ప్రమాదం. సిమ్ రౌటర్ అడాప్టర్‌ని ఒక మామూలు స్విచ్ మీద పెట్టించండి. ఇంజనీరు ఫోన్ చేస్తే సూపర్‌వైజర్ స్విచ్ వేస్తాడు, పని అయ్యాక ఆపేస్తాడు, పుస్తకంలో టైమూ పేరూ రాస్తాడు. ఆఫీసులో దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ వాడితే ‘మనిషి లేకుండా ప్రవేశం’ పాస్‌వర్డ్ తీసేయండి, అవతలివాళ్లు అడిగిన ప్రతిసారీ మనవాళ్లు ఒప్పుకోవాలి. రిమోట్ డెస్క్‌టాప్ కోసం రౌటర్‌లో 3389 పోర్టు తెరిచి ఉంటే ఈరోజే మూయండి.

పాత విండోస్

విండోస్ 7కి అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగాయి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న అయిపోయింది. ఆఫీసు కంప్యూటర్లను మార్చేయవచ్చు. యంత్రంతో వచ్చిన కంప్యూటర్‌ని మాత్రం కంపెనీని అడగకుండా మార్చితే యంత్రం సాఫ్ట్‌వేర్ నడవకపోవచ్చు. దాన్ని అలాగే ఉంచి నెట్, మెయిల్, బ్రౌజర్ తీసేయండి. 2017 మేలో వచ్చిన వన్నాక్రై అనే వైరస్ వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడు మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది, వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు. 2018 ఆగస్టులో తైవాన్ చిప్ కంపెనీ టీఎస్ఎంసీలో కొత్త యంత్రాన్ని వైరస్ స్కాన్ చేయకుండా నెట్‌వర్క్‌కి కలపడంతో ఆ రకం వైరసే ఫ్యాక్టరీలను ఆపేసింది. అందుకని బయటి పెన్‌డ్రైవ్ ఏదైనా నేరుగా యంత్రానికి పెట్టనివ్వకండి. ఫ్యాక్టరీకంటూ ఒక పెన్‌డ్రైవ్ ఉంచి, ఇంజనీరు తెచ్చిన ఫైలుని ముందు ఆఫీసులో విడిగా ఉన్న కంప్యూటర్‌లో స్కాన్ చేసి, అందులో వేసి ఇవ్వండి.

బ్యాకప్: ఊడదీసి ఉన్నదే బ్యాకప్

1 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవులు రెండు కొనండి. ఒకదానికి ‘ఎ’, ఇంకోదానికి ‘బి’ అని పెద్దగా రాయండి. ఈ వారం ఎ, వచ్చే వారం బి. సాయంత్రం ట్యాలీ మూసి, ట్యాలీలోనే ఉన్న బ్యాకప్ ఆప్షన్‌తో కాపీ తీసి, డ్రైవ్ ఊడదీయండి. ఊడదీయడమే ఇందులో అసలు పని. రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే వైరస్, కంప్యూటర్‌కి తగిలించి ఉన్న ప్రతి డ్రైవునూ లాక్ చేస్తుంది. గూగుల్ డ్రైవ్‌కి సింక్ పెట్టాం కదా అంటారు. సింక్ చెడిన ఫైలునూ అంతే శ్రద్ధగా పైకి ఎక్కిస్తుంది. పాత వెర్షన్లు వెనక్కి తీసుకోవచ్చు గానీ కొన్నాళ్ల వరకే, దాన్నే నమ్ముకుని ఉండలేం.

వాడని డ్రైవ్ ఫ్యాక్టరీ ఆవరణలో ఉండకూడదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. షెడ్డు పైకప్పు లేచిపోయే రోజున బీరువాలో ఉన్న బ్యాకప్ కూడా తడుస్తుంది. ఫ్యాక్టరీ పలాసలో ఉంటే ఆ డ్రైవ్ శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఇంట్లో ఉండాలి.

నెలకోసారి ఆ కాపీని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. చివరి వోచర్ నంబరు, ముగింపు నిల్వ పుస్తకంతో సరిపోవాలి. తెరిచి చూడని బ్యాకప్‌లో పాత సంవత్సరం కంపెనీ ఫోల్డరే కాపీ అవుతూ ఉండటం తరచూ బయటపడే తప్పు. కరెంటు పోతే ట్యాలీ ఫైలు పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి ట్యాలీ కంప్యూటర్‌కీ రౌటర్‌కీ యూపీఎస్ ఉండాలి.

యంత్రాలకూ బ్యాకప్ ఉంటుందని చాలామందికి తట్టదు. సార్టర్‌లో డబ్ల్యూ 240 రకం జీడిపప్పుకి ఒక సెట్టింగు, డబ్ల్యూ 320 రకానికి ఒక సెట్టింగు, బద్దకి ఇంకోటి. ప్రతి స్క్రీనూ ఫోటో తీసి ప్రింటు పెట్టండి. పీఎల్‌సీ ప్రోగ్రాము ఫైలు, దాని పాస్‌వర్డ్ ఇస్తేనే చివరి పేమెంటు అని కొనుగోలు ఆర్డరులోనే రాయండి. యంత్రం బిగించాక అడిగితే ఇవ్వరు. పాత పీఎల్‌సీల్లో ప్రోగ్రాము బ్యాటరీ మీద నిలుస్తుంది. బ్యాటరీ లైటు వెలిగితే కరెంటు ఉన్నప్పుడే కొత్తది వేయాలి. కరెంటు ఆపి వేస్తే ప్రోగ్రాము పోవచ్చు.

‘బ్యాంకు ఖాతా మారింది’ అనే మెయిల్

ఆఫ్రికా నుంచి జీడి పిక్కలు తెప్పించుకునేవాళ్లకు వైరస్ కన్నా పెద్ద దెబ్బ ఇదే. దొంగ ముందుగా మీ మెయిల్‌లోనో అమ్మకందారు మెయిల్‌లోనో చేరి వారాల తరబడి చదువుతాడు. బస్తాలెన్ని, ఔటర్న్ (పిక్కల నుంచి వచ్చే పప్పు లెక్క) ఎంతకు కుదిరింది, ఓడ ఎప్పుడు బయలుదేరింది అన్నీ అతనికి తెలుసు. సరిగ్గా డబ్బు కట్టే వారం, అదే బిల్లు మీద వేరే ఖాతా నంబరుతో మెయిల్ వస్తుంది. అడ్రసులో ఒక అక్షరమే తేడా, ‘ఎమ్’ ఉన్నచోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కనే ఉంటాయి. ఫోన్ స్క్రీన్‌లో అది కనపడదు.

నియమం ఒక్కటే పెట్టుకోండి. ఖాతా మారిందంటే, బేరం కుదిరినప్పుడు మీ దగ్గరున్న పాత నంబరుకి మీరే ఫోన్ చేసి అడగాలి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకి చేస్తే దొంగే ఎత్తుతాడు. మాట్లాడింది ఒకరు, డబ్బు పంపేది ఇంకొకరు కావాలి. ఓనరు ఊళ్లో లేనప్పుడు ‘అర్జెంటు’ అన్న పేమెంటు ఏదైనా మర్నాటికి ఆగాలి. జీమెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు తెరిచి మీరు పెట్టని అడ్రసు ఉందేమో చూడండి. దొంగ పాస్‌వర్డ్ మార్చడు, మీ మెయిళ్ల కాపీ తనకు వచ్చేలా అక్కడ రాసి వెళ్తాడు. తర్వాత రెండంచెల వెరిఫికేషన్ పెట్టండి.

జీఎస్టీ, ఈ-వే బిల్లు లాగిన్లకు ఓటీపీ వచ్చే నంబరు ఓనరుది కావాలి, మానేసిన అకౌంటెంట్‌ది కాదు. ఈ-వే బిల్లులో గుమాస్తాకు సబ్ యూజర్ చేసి ఇవ్వండి, మనిషి వెళ్లిన రోజే ఆపేయండి.

దెబ్బ తగిలిన రోజు

తెర మీద డబ్బు అడిగే కాగితం కనిపిస్తే నెట్‌వర్క్ తీగ పీకండి, వైఫై ఆపండి. కంప్యూటర్ మాత్రం ఆఫ్ చేయకండి, ఆధారాలు మెమరీలో ఉంటాయి. స్క్రీన్ ఫోటో తీయండి. కంగారులో బ్యాకప్ డ్రైవ్ తగిలించారంటే అదీ పోతుంది. ఫార్మాట్ చేసే ముందు డిస్కు కాపీ తీయించండి, లేకపోతే ఎలా వచ్చిందో తెలియక మళ్లీ అదే దారిన వస్తుంది. నడుస్తున్న బ్యాచ్‌ని ఆపరేటరు చేత్తో, మామూలు పద్ధతిలో ముగించాలి. 2019 మార్చిలో నార్వే అల్యూమినియం కంపెనీ నార్స్క్ హైడ్రో ఇలాంటి దాడిలో డబ్బు కట్టకుండా, చేత్తో యంత్రాలు నడుపుతూ బ్యాకప్‌ల నుంచి తేరుకుంది. మీకూ ముద్రించిన బిల్లు పుస్తకం, డెలివరీ చలాన్లు, లాట్ కార్డులు చేతికందేలా ఉండాలి.

డబ్బు పోతే గంటలు కాదు, నిమిషాలు లెక్క: ముందు 1930, వెంటనే బ్యాంకు మేనేజరు, తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు. విదేశానికి పంపిందైతే ఆ రోజే స్విఫ్ట్ రీకాల్ మెసేజ్ (డబ్బు వెనక్కి ఇవ్వమని అవతలి బ్యాంకుకు పంపే సందేశం) పంపమని బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. దాడి సంగతి గమనించిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలపాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి. ఈ నంబర్లు, సర్వీసు ఇంజనీరు ఫోను, ఏ స్విచ్ ఎక్కడుందో చూపే బొమ్మ, అన్నీ ఒక కాగితం మీద ముద్రించి కాటా గది గోడకు అంటించండి.